గుత్తిలో అల్లుడి వర్కుషాపు

అనంతపురం,
16-4-1962

పూజ్యులైన మామగారికి దివాకర్ నమస్కరించి వ్రాయునది.

ఇక్కడ క్షేమం. అక్కడ క్షేమమని తలుస్తాను. మే పదో తేదీ మంచిరోజని, ఆ రోజు నేను కొత్తచెరువు వచ్చి తల్లీబిడ్డలను తీసుకుపోవాలని మీరు వ్రాసిన ఉత్తరం అందినది. నాకు వీలుపడదు. మే ఏడు నుండి పన్నెండు వరకు గుత్తిలో వర్కుషాపు. మా ప్రిన్సిపాలుగారి ఆర్డరు. కనుక ఎవరినైనా తోడిచ్చి బస్సులో పంపగలరు.

ఇట్లు,
మీ అల్లుడు
దివాకర్

తా.క. పిల్లవాడికి ఆశీస్సులు.


కొత్తచెరువు,
20-4-1962

చిరంజీవి దివాకర్‌ను మామ బయ్యన్న దీవించి రాసే సంగతులు.

నీ కార్డు అందింది. పోస్టుమాన్ చెన్నప్ప ఇంటికి తెచ్చేలోపలే దారిలో నలుగురికి చదివి వినిపించినాడు. కార్డుతో అదే చిక్కు. కాలేజీలో కెమిస్ట్రీ పాఠాలు చెప్పే మనిషికి వర్కుషాపులో పనేముందో నాకు అర్థం కాలేదు. మన రామసుబ్బమ్మ ఎస్సెస్సెల్సీ పాసైన పిల్ల కదా అని అడిగినాను. "వర్కుషాపంటే ఇంజన్లు రిపేరు చేసేది నాయనా" అనింది. గుత్తి అంటే రైళ్ళ ఊరు. ఇంక అనుమానం ఏముంది.

కాలేజీ ఉద్యోగం ఎందుకు పోయిందని నేను అడగను. మా అక్క, అంటే మీ అమ్మ, బతికి ఉంటే ఆమె అడిగేది. ఒళ్ళు వంచి బతకడంలో తప్పేమీ లేదు. కానీ ఐదు నెలల పసిబిడ్డను బొగ్గు పొగలోకి ఎట్లా పంపేది? పైగా మొగుడు రాకుండా పిల్లను ఇంకొకరి వెంట పంపితే ఊర్లో నేను తలెత్తుకోలేను. నువ్వే రావాల. మే పది దాటితే మూఢం, ఆ వెనక ఆషాఢం. శ్రావణం దాకా పిల్లను పంపేది ఉండదు. ఇందులో మార్పు లేదు.

మీ అత్త సుంకమ్మ నీకు రెండు కాకీ చొక్కాలు కుట్టించింది. బస్సు కండక్టరు కుళ్ళాయప్ప చేతికిచ్చి పంపుతున్నాను. నూనె మరకలు పడినా కనబడవు. ఇంజను కింద దూరేటప్పుడు పంచె గోచీ పెట్టుకో.

నీ మేలు కోరే
బయ్యన్న

తా.క. వర్కుషాపు వాళ్ళ మామలకు రైలు పాసు ఇస్తారా? తిరుపతికి పోవాలని మీ అత్త ఎన్నో ఏండ్లుగా అడుగుతోంది.


అనంతపురం,
23-4-1962

మామగారికి, అత్తగారికి నమస్కారాలు.

నా ఉద్యోగం పోలేదు. గుత్తిలో జరిగేది ఇంజన్ల వర్కుషాపు కాదు. చుట్టుపక్కల కాలేజీల లెక్చరర్లం ముప్పై మందిమి ఒకచోట చేరి, పాఠం ఎలా చెబితే పిల్లలు నిద్రపోకుండా వింటారో నేర్చుకుంటాం. దీన్నే సెమినార్ అని కూడా అంటారు. మా కాలేజీ బావి ఎండిపోయింది. హాస్టలుకే బండ్లమీద నీళ్ళు తోలుతున్నారు. అందుకని బావిలో నీళ్ళున్న ఒక పాత మిషన్ బంగళా చూసి గుత్తిలో పెట్టారు. తిండి, పడక అక్కడే. అయ్యేదాకా ఎవరూ బయటికి కదలకూడదని కట్టడి.

శ్రావణం దాకా అంటే ఎలా మామగారూ? అంటే ఇంకా మూడు నెలలు. మీరు పెద్దవారు, కొంచెం ఆలోచించండి. రామసుబ్బు కులాసాయేనా?

మీ
దివాకర్

తా.క. కాకీ చొక్కాలు అందాయి. ఒకటి తొడుక్కుని కాలేజీకి వెళ్తే ఎన్.సి.సి. మాస్టరు అనుకుని ఇద్దరు సెల్యూట్ కొట్టారు.


కొత్తచెరువు,
27-4-1962

చిరంజీవి అల్లుడికి మామ ఆశీస్సులు, ఇప్పటికింకా అవి నీకు పనికొస్తాయనుకుంటే.

ఈసారి ఇన్‌లాండు లెటరు వేసి మంచిపని చేసినావు. ఇట్లాంటి సంగతి చెన్నప్ప కంట పడకూడదు. సెమినార్ అంటే ఏందమ్మా అని రామసుబ్బమ్మను అడిగినాను. కొంచెం ఆలోచించి, "చర్చి పాదిర్లు చదువుకునేదాన్ని సెమినరీ అంటారు నాయనా" అనింది. మిషన్ బంగళా, అక్కడే తిండి, అక్కడే పడక, బయటికి కదలకూడదు. అన్నీ నువ్వే రాసినావు.

మన వీధి చివర మిషన్ బడి అయ్యవారు యేసన్నను పిలిపించినాను. "ఏమప్పా యేసన్నా, పాదిరి కావాలంటే ఎన్ని దినాలు పడతాది?" అంటే, "దినాలు కాదన్నా, ఏండ్లు. ఆరు దినాల్లో యాడా ఎవుర్నీ చేయరు" అన్నాడు. "మావోడు ఎమ్మెస్సీ ఫస్టుక్లాసు. ఆరు దినాల్లో ముగిస్తాడు" అన్నాను. యేసన్న మజ్జిగ తాగి వెళ్ళిపోయినాడు.

నాకు ఏ దేవుడిమీదా కోపం లేదు. వాన కురిపించే దేవుడు ఎవరైనా మా ఊరికి కావలసినవాడే. నా బాధంతా ఒకటే. పెండ్లాం ఉండే పాదిర్లు, లేని పాదిర్లు అని రెండు రకాలంట. నువ్వు ఏ రకంలో చేరినావు? నిన్న నా బిడ్డ వసారాలో కూర్చుని పిల్లోణ్ణి జో కొడుతుంటే చూడలేక వీధిలోకి పోయినాను. ఉండే రకమైతే పాదిరి భార్య హార్మోనియం వాయించాల్సి వస్తుందేమోనని మీ అత్తకు అనుమానం. అయినా నేర్చుకోమంటోంది. రామసుబ్బమ్మేమో నవ్వుతోంది. దిగులు ఎక్కువైతే మనుషులు అట్లా నవ్వుతారు.

ఇట్లు,
ఏం చేయాలో తోచని మామ
బయ్యన్న

తా.క. పాదిరివైతే ఓళిగలు తినొచ్చా? పదో తేదీకి ఓళిగల పూర్ణానికి శెనగబేడలు నానేయాలా వద్దా అని మీ అత్త అడగమంది.


అనంతపురం,
30-4-1962

మామగారికి దండం పెట్టి రాస్తున్నాను.

నేను పాదిరిని కావడం లేదు. ఏ రకంలోనూ చేరలేదు. ఇక ఇంగ్లీషు మాటలకు అర్థాలు చెప్పే పని పెట్టుకోకుండా, అక్కడ జరగబోయేది ఉన్నదున్నట్టు రాస్తాను. రోజుకు మూడు సెషన్లు. పదో తేదీ రెండో సెషన్‌లో నా వంతు. నా పేపర్లు ముందే సమర్పించాలి. అధ్యక్షుడిగా మద్రాసు నుంచి ఒక పెద్దాయన వస్తున్నారు, చాలా కఠినమైన మనిషట. నేను నిలబడి చెప్పుకున్న తర్వాత అరగంటసేపు నన్ను ప్రశ్నలు అడుగుతారు. ఒక్కటి తడబడినా పరువు పోతుంది. రాలేకపోవడం అందుకే గానీ, రావాలని లేక కాదు.

రామసుబ్బును వదిలి నేను ఎక్కడికి పోతాను? ఆమె వెళ్ళినప్పటి నుంచి ఇల్లు ఇల్లులా లేదు. పొద్దున కాఫీకి రోజూ రెండు గ్లాసులు తీస్తున్నాను. తర్వాత గుర్తొచ్చి ఒకటి మళ్ళీ గూట్లో పెడుతున్నాను. ఇది ఆమెతో చెప్పకండి, నవ్వుతుంది.

మీ అల్లుడు, మునుపటి అల్లుడే,
దివాకర్

తా.క. నా పేపరు విషయం 'క్లుప్తంగా చెప్పడం ఎలా?' ఇప్పటికి నలభై పేజీలైంది.


కొత్తచెరువు,
3-5-1962

నాయనా దివాకర్, ముందుగా ధైర్యంగా ఉండు.

సెషన్సు అనే మాటకు నాకు ఎవరూ అర్థం చెప్పనక్కరలేదు. పొలం గట్టు తగాదాలో తలలు పగిలినప్పుడు మా పెదనాయన మూడేండ్లు తిరిగింది ఆ కోర్టుకే. ఇంత జరిగినా మామతో ఒక మాట చెప్పాలని నీకు తోచలేదా? వర్కుషాపని, సెమినారని ఎన్ని దాచినావు. అనంతపురంలో ఉండే సెషన్సు కోర్టు గుత్తికి ఎందుకు వచ్చిందా అని ఆలోచించినాను. ఈ కరువుకు వాళ్ళ బావి కూడా ఎండిపోయి ఉంటుంది.

నీ ఉత్తరం రామసుబ్బమ్మకు ఇచ్చినాను. చదువుతూ చదువుతూ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి పోయింది. దాని భుజాలు కదలడం వెనకనుంచి చూసినాను. కన్న తండ్రిని, నేనెట్లా ఓర్చుకునేది?

ధర్మవరం పోయి వకీలు రామదాసును కలిసినాను. "నలభై పేజీల కేసంటే చిన్నది కాదు బయ్యన్నా. ఆడ తక్కువ మాట్లాడమని చెప్పు అల్లునికి" అన్నాడు. నువ్వూ క్లుప్తంగా చెప్పాలనే అనుకుంటున్నావు, సంతోషం. మన లింగన్న, గంగప్ప సాక్ష్యానికి సిద్ధంగా ఉన్నారు. "ఆ దినమంతా అల్లుడు మా కండ్ల ముందరే శెనక్కాయలు వొలుస్తాండె" అని చెప్తారు. ఏ దినమో నువ్వు రాస్తే చాలు. పదో తేదీకి తల్లిని, బిడ్డను, వకీలును, సాక్షులను వెంటబెట్టుకుని నేనే గుత్తికి వస్తున్నాను. నువ్వు తప్పు చేసినా చేయకపోయినా మా అక్క కొడుకువే.

నీ వెనక ఉండే
బయ్యన్న

తా.క. కొట్టింది ఎవర్ని? మనకు తెలిసినవాళ్ళైతే రాజీ చేసుకుందాం.


అనంతపురం,
5-5-1962

మామగారూ, దయచేసి గుత్తికి రావద్దు.

నేను ఎవరినీ కొట్టలేదు. వకీలుగారికీ సాక్షులకూ నా నమస్కారాలు చెప్పి ఇంట్లోనే ఉండమనండి. నేనే వస్తున్నాను.

మీ ఉత్తరం పట్టుకుని మా ప్రిన్సిపాలుగారి ఇంటికి పరుగెత్తాను. ఆయన అంతా చదివి, కళ్ళజోడు తీసి తుడుచుకుని, "ఏమయ్యా, భార్యను తీసుకురావాలని నాతో ఒక్క మాట అన్నావా?" అని అడిగారు. నిజమే, అనలేదు. అడిగినా ఒప్పుకోరని నేనే అనుకుని మీకు కార్డు రాసేశాను. నా పేపరు ఎనిమిదో తేదీకి మార్చి, ఆ తర్వాత వెళ్ళడానికి సెలవు ఇచ్చారు. తొమ్మిదిన గుత్తిలో బయలుదేరి పదో తేదీ పొద్దునకు మీ గుమ్మంలో ఉంటాను. బేడలు నానేయమనండి.

ఇక కింది మాటలు రామసుబ్బుకు. ఉత్తరం ఆమె చేతికిచ్చి మీరు ఒకసారి పొలం చూసి రండి.

రామసుబ్బూ, నువ్వు ఏడ్చావని మామగారు రాశారు. అది చదివినప్పటి నుంచి నాకు తిండి సహించడం లేదు. కార్డు మీద ఏం రాయాలో నాకు ఎప్పుడూ తెలియదు. క్షేమం అని రాస్తే అన్నీ అందులో వచ్చేసినట్టే అనుకునేవాణ్ణి. నువ్వు లేక నాకు ఇక్కడ క్షేమం లేదు. ఇన్ని నెలలుగా అబద్ధమే రాశాను. పేరు పెట్టిన రోజు బిడ్డను చూసిందే. ఇప్పుడు ఎవరిలా ఉన్నాడు? నవ్వుతున్నాడా? కొత్త ముఖమని నన్ను చూసి ఏడుస్తాడేమోనని భయంగా ఉంది. నువ్వంటే నాకు ప్రాణం. నోటితో చెప్పమంటే చెప్పలేను, అందుకే ఇక్కడ రాసేస్తున్నాను. పదో తేదీన మళ్ళీ అడగవద్దు.

దివాకర్

తా.క. నలభై పేజీల పేపరును నాలుగు పేజీలు చేశాను. ఈ ఉత్తరాన్ని మాత్రం ఎంత ప్రయత్నించినా తగ్గించలేకపోయాను.


కొత్తచెరువు,
7-5-1962

బావకు రామసుబ్బు రాసేది. దీన్ని గుత్తి మిషన్ బంగళాకే వేస్తున్నాను.

నాయన నిజంగానే ఉత్తరం నా చేతికిచ్చి పొలానికి పోయినాడు. అక్కడ చూసేదానికి ఏముంది, ఎండిన మట్టి తప్ప. అయినా సాయంత్రం దాకా రాలేదు.

నేను ఏడవలేదు బావా. నవ్వు ఆపుకోలేక కొంగు అడ్డం పెట్టుకున్నాను. వర్కుషాపంటే ఏందో, సెమినారంటే ఏందో నాకు తెలుసు. మా స్కూల్లో టీచర్లు కూడా పోయి వచ్చేవాళ్ళు. నాయనతో నేను అబద్ధం మాత్రం చెప్పలేదు. ఇంజన్లు రిపేరు చేసే చోటును వర్కుషాపనరా? పాదిర్లు చదివేది సెమినరీ కాదా? అడిగిన మాటకు జవాబు చెప్పి ఊరుకున్నాను. మిగిలిందంతా నాయన సొంత తెలివి.

ఎందుకు ఊరుకున్నానో చెప్తా విను. నేను ఈడికి వచ్చినాక నీ దగ్గరినుంచి మూడు కార్డులు వచ్చినాయి. మూడిట్లోనూ క్షేమం. బిడ్డ మొదటిసారి బోర్లాపడిన దినం నీకు రాద్దామని కూర్చున్నాను. నీ కార్డు చూసి, ఈ మనిషికి ఇదంతా ఎందుకులే అని కాగితం మడిచి పెట్టేసినాను. ఆ దినం మాత్రం నిజంగానే ఏడ్చినాను. ఆ తర్వాత ఈ గుత్తి కార్డు వచ్చింది. పిల్లోడికి ఆశీస్సులు ఉన్నాయి. నా పేరు లేదు. బస్సులో మూటను పంపినట్లు పంపమని రాసినావు.

ఆ కోపంతో మొదటిసారి ఊరుకున్నాను. నీ జవాబులో 'రామసుబ్బు కులాసాయేనా' అని వచ్చింది. ఇంజన్లకే ఇంత వస్తే పాదిరికి ఎంత వస్తుందో చూద్దామనిపించింది. రెండు గ్లాసులు వచ్చినాయి. ఆ ఉత్తరం ఇప్పుడు నా దిండు కింద ఉంది. సెషన్సుకు నేనేమీ చేయలేదు, అది నాయనే. కానీ ఆపనూ లేదు. దానికి వచ్చింది చదివి, ఇందాక తలుపు వేసుకుని కూర్చున్నాను.

పాపం నాయనను ధర్మవరం దాకా తిప్పినానే అని బాధగా ఉంది. పొలం నుంచి వచ్చినాక అంతా చెప్పేసినాను. కొడతాడేమో అనుకున్నాను. మీసం దువ్వుకుంటూ, "అయితే రైలు పాసు రాదా?" అన్నాడు.

బిడ్డ అచ్చం నీలాగే ఉన్నాడు. అందరినీ చూస్తాడు, ఏమీ చెప్పడు. నిన్ను చూసి ఏడిస్తే ఏడవనీ, పక్కన నేనుంటాను కదా.

పదో తేదీన రా. నిన్ను ఏమీ అడగను. ఒక్క షరతు. అనంతపురం వచ్చేసినాక కూడా అప్పుడప్పుడు నాకొక ఉత్తరం రాయి. పోస్టు చేయనక్కరలేదు. గూట్లో ఆ రెండో గ్లాసు కింద పెట్టు, నేను తీసుకుంటాను.

నీ
రామసుబ్బు

తా.క. లింగన్న, గంగప్ప సాక్ష్యం కంఠతా పట్టినారు. కేసు లేదంటే ఇద్దరి ముఖాలూ వాడిపోయినాయి. పదో తేదీ బస్సు దగ్గర నీకోసం కాచుకుని ఉంటారు. నువ్వు శెనక్కాయలు వలిచిన సంగతి మొదటినుంచి చివరిదాకా చెప్తారు. తొందరపడకుండా విని, అవునని ఒప్పుకో. నీకోసం సెషన్సు జడ్జి ముందర అబద్ధం చెప్పేదానికి తయారైనవాళ్ళు.