బుగ్గల మీద ఎరుపు

అక్కా, నేను బాగానే ఉన్నాను, కంగారు పడకు.

బుగ్గలు ఎర్రబడితే, "పెళ్ళికళ వచ్చేసిందే నీకు!" అని కుట్టుమిషన్ల దగ్గర అందరూ ఒకటే ఏడిపించారు. నేనూ లోలోపల మురిసిపోయాను. పొద్దున్నే వేళ్ళు బిగుసుకుంటున్నాయని ఎముకల డాక్టరుకీ, నోట్లో పుళ్ళని పళ్ళ డాక్టరుకీ విడివిడిగా చూపించుకున్నాను. చివరికి ఒక డాక్టరమ్మ అన్నీ కలిపి అడిగి, రక్తం, మూత్రం పరీక్షలు చేయించి, బుగ్గల ఎరుపుతో సహా ఇదంతా ఒకటే జబ్బు, ఒంట్లోని రక్షణశక్తే ఒంటి మీద తిరగబడే లూపస్ అని తేల్చింది. పూర్తిగా పోదట గానీ, మాత్రలు మానకపోతే అదుపులో ఉంటుందట. ఎండ తగలకూడదంది. పోట్లాడి సంపాదించుకున్న కిటికీ పక్క మిషను వదిలేసి లోపలి మూలకి మారాను. ఇక్కణ్ణుంచి వీధి కనిపించదు.

"ఇంట్లో ఎవరూ గమనించలేదా?" అని అడిగింది డాక్టరమ్మ. ఇక్కడ ఒక్కదాన్నే ఉంటున్నానని చెప్పాను. దువ్వెన నిండా జుట్టే వస్తోంది. జడ వేయడానికి నువ్వుంటే ఎప్పుడో పట్టేసేదానివి.

నా పొడుగుచేతుల జాకెట్లు పంపించు. వంటింటి కప్పు కారడం ఆగిందా? బావగారికి నమస్కారాలు, పిల్లలకి ముద్దులు. అమ్మకి జబ్బు సంగతి నెమ్మదిగా చెప్పు. పెళ్ళికళ అన్న మాట మాత్రం ఎత్తకు. ఆశ పెట్టుకుంటుంది.

నీ చెల్లి