విత్తనాలకు దాచిన రాగులు

నిమ్మనపల్లె, మంగళవారం రాత్రి

ముప్పై ఏళ్ళ తరువాత పేద దేశాలు ఏం తింటాయో చెప్పడానికి మదనపల్లె నుంచి ముగ్గురు పెద్దమనుషులు మా ఊరికొచ్చారు. ప్రొజెక్టరుతో గోడ మీద గీతలు చూపించారు. జనం పెరుగుతారట, తిండిగింజలు చాలవట. మధ్యాహ్నం రైతు నాగరాజప్ప ఇంట్లో వాళ్ళకూ, గుడిలో ప్రవచనాలు చెప్పే నాకూ భోజనాలు. రాగి సంగటే కావాలని వాళ్ళే అడిగారు.

వడ్డించగానే ఫోటోలు తీసుకున్నారు. వేలితో కాస్త గిల్లి నోట్లో వేసుకుని, ముద్దలు ఆకుల్లోనే వదిలి లేచారు. నాకు ఒళ్ళు మండింది. సంచిలోంచి ఉపనిషత్తుల గ్రంథం తీశాను.

"అన్నాన్ని అవమానించకూడదని ఈడ రాసుండాది! ముందర ఆకులో ఉండేది తినండప్పా, ముప్పై ఏళ్ళ సంగతి తర్వాత సూద్దురు."

"గొంతు దిగడం లేదు స్వామీ" అని ఒకడు నవ్వాడు. ఆ నవ్వుతోనే కారెక్కారు. థూ!

నేను మాత్రం మారు పెట్టించుకుని, ఆకు ఊడ్చి తిన్నాను. చెయ్యి కడుక్కుంటుంటే, నాగరాజప్ప భార్య గంగమ్మ నీళ్ళు పోస్తూ మెల్లగా అంది.

"మీరన్నా మిగల్చకుండా తింటిరి సామీ, అది సాలు. ఇంట్లో ఉండేది రేషన్ స్టోరు బియ్యమే. ఇంటికొచ్చినోళ్ళు నోరు తెరిచి అడిగితే లేదని ఎట్లా సెప్పేది? ఇత్తనాలకని కుండలో దాచిన రాగులే పిండి ఆడించేసినా. అంగట్లో తెచ్చిన పిండని మా ఆయన అనుకుంటాండాడు."

అప్పటి నుంచి, వాళ్ళ మీద పుట్టిన అసహ్యం నా మీదికే తిరిగింది. గ్రంథం తెరవబుద్ధి కావడం లేదు. కడుపు ఇంకా నిండుగానే ఉంది.

బయట వాన మొదలైంది. ఊరంతా ఎదురుచూసిన వాన. తెల్లవారగానే నాగరాజప్ప ఎద్దులకు మడక కట్టి, విత్తడానికి ఆ రాగుల కుండ మూత తీస్తాడు...