రోమ్‌లో కుదరని మాట

2006 జూలై 27, గురువారం
నర్సీపట్నం

లెబనాన్‌లో యుద్ధం ఆపడానికి రోమ్‌లో కూర్చున్న మంత్రులు ఏదీ తేల్చకుండానే లేచిపోయారని పొద్దున పేపర్లో చదివాను. బీరూట్‌లో ఇంటిపనికి వెళ్ళిన లక్ష్మి ఆదివారం ఫోన్‌లో ఏడ్చింది.

"నన్ను లోపలుంచి తాళమేసి అమ్మగారోళ్ళు కొండల్లోకి ఎలిపోనారు. పాస్‌పోర్టూ ఆళ్ళకాడే ఉంది."

మన పిల్లను నేను చూసుకుంటాను, వెళ్ళమని ఒప్పించిన మొగుణ్ణి నేనే.

మధ్యాహ్నం లక్ష్మి తల్లి, మా అత్త అడిగింది. "పెద్దోళ్ళు ఏటన్నారు బాబూ?"

"మళ్ళీ మాటాడుకుంటారంట అత్తా."

"అందాకా బాంబులు ఆపుతారా?"



సాయంత్రం ఎస్టీడీ బూత్ నుంచి బీరూట్‌లోని ఆ ఇంటికి మూడుసార్లు ఫోన్ చేశాను. అవతల మోగుతూనే ఉంది, ఎవరూ ఎత్తలేదు. మోగుతోందంటే ఆ ఇల్లు నిలిచే ఉందని అత్తకు చెప్పాను. లోపలి మనిషి గురించి ఆమె అడగలేదు, నేనూ చెప్పలేదు.