పడవకు కట్టిన దారం

మంగళవారం, రాత్రి

మేకుల కోసం బెల్లంకొండ పోయి వచ్చేసరికి దొడ్లో సగం కట్టిన పడవ నేను దిమ్మెల మీద నిలిపిన చోట లేదు. పాత ప్రహరీ పక్కన పడేసి ఉంది. అడుగు దూలం అప్పుడే మెలి తిరిగింది. వంకర పోకుండా ముందు కొస నుంచి వెనక కొస దాకా లాగి కట్టిన దారం కూడా లేదు.

"ఏందన్నా ఇది?" అని మా అన్నను అడిగా.

"కొత్త గోడకు అడ్డమొచ్చిందిరా. నలుగురం పట్టి పక్కన పెట్టాం. ఏం, విరిగిందా?" అన్నాడు.

పక్క పలకలు బిగించకముందు కదిలిస్తే ఏమవుద్దో ఆయనకు తెలియదా? మొన్నటిదాకా ఆ దారం రెండో కొస పట్టుకుంది ఆయనే. ఇద్దరం కలిసి కృష్ణలో చేపలకు పోదామనేగా మొదలుపెట్టింది. ఇల్లు పంచుకున్న రోజు కూడా పడవ ఇద్దరిదేనన్నాడు.

దారం ఏదంటే గోడ కట్టే మేస్త్రీ వైపు చెయ్యి చూపించాడు. దొడ్డి మధ్యలో, మా రెండు వాటాల నడుమ గోడ వరస కోసం లాగి కట్టారు. నా దారమే.

ఈ వంకర పడవను ఏం చేసుకోవాలో...

అందరూ పోయాక వంగి, ఒక కన్ను మూసి ఆ గోడ వరస చూశా. అది మాత్రం చానా సూటిగా వచ్చింది.