తెల్లరాయి దగ్గర పడిన మనిషి

మలెన్, నెబ్రాస్కా
1959 జనవరి 18

ప్రియమైన వర్జిల్‌కి,

నిన్న సాయంత్రం టీవీలో నువ్వు మళ్ళీ చచ్చిపోయావు. గడ్డం అంటించినా, ఎవరి కోటు తొడిగినా నీ వీపు నాకు తెలియకపోదు. హీరోల బదులూ దొంగల బదులూ గుర్రం మీంచి పడటమే మొగుడి ఉద్యోగమైతే, పెళ్ళాం వీపులే చూసుకోవాలి మరి.

మీ సీరియల్లో షెరీఫ్ ఉండేది మన నెబ్రాస్కాలోనేనట. మన ఇసుకదిబ్బల్లో ఇంటెత్తు రాళ్ళు ఎక్కడివయ్యా? దొంగలు ఒకే రాతిగుట్టని నాలుగుసార్లు దాటారు. ఆరు గుళ్ళ తుపాకీ పదమూడుసార్లు పేలింది. పక్క రాంచ్ బోజెనా పెద్దమ్మ యథాప్రకారం వచ్చి కూర్చుని, "ఆ గుర్రాలకి ఎవరైనా నీళ్ళు పెట్టండర్రా!" అని అరుస్తూనే ఉంది.

అన్నిటికంటే నమ్మశక్యం కానిది నువ్వు పడటం. ఎప్పుడూ ఎంత ఒద్దికగా పడేవాడివి! నిన్న ధాన్యం బస్తాలాగా పడ్డావు. టోపీ దొర్లుకుంటూ పోయి తెల్లరాయికి తగిలింది. కాలు కింద మడతపడింది. "కాలు అలా ఎక్కడైనా వంగుతుందా? వీడు పడటం మర్చిపోయాడే!" అంది పెద్దమ్మ. నేనూ పగలబడి నవ్వాను.

నాలుగేళ్ళయింది నువ్వు వెళ్ళి. జూన్‌లో వచ్చేస్తానన్నావు. ఇక్కడ నాలుగు పిల్లగుర్రాలు ఎవరినీ వీపు మీదకి రానివ్వకుండా నీ కోసమే ఉన్నాయి. మాట తప్పకు.

నీ లియోటా


చాట్స్‌వర్త్, కాలిఫోర్నియా
ఫిబ్రవరి 2

ప్రియమైన లియోటాకి,

నీ ఉత్తరం మా డైరెక్టర్‌కి చదివి వినిపించాను. "మీ ఆవిడని ఈ ఊరు రానివ్వకు, మా పొట్ట కొడుతుంది" అన్నాడు.

గుట్ట సంగతి ఒప్పుకుంటున్నాను. ఉన్నది అదొక్కటే. తూర్పు నుంచి చూస్తే నెబ్రాస్కా, పడమటి నుంచి టెక్సస్, వెనక్కి వెళితే మెక్సికో. కాస్త పక్కకి జరిగితే టెలిఫోన్ స్తంభాలు కనబడతాయి, వాటికి అడ్డంగా గడ్డివామి పెట్టాం. పైన విమానం వినిపిస్తే షూటింగ్ ఆపి షెరీఫూ దొంగలూ కలిసి కాఫీ తాగుతారు. అది పోయాక మళ్ళీ కాల్చుకుంటారు. టోపీ ఏ చేతిలో ఉందో, నీడ ఎటు పడిందో రాసుకోవడానికి ఒక మనిషి నోట్‌బుక్కుతో కూర్చుని ఉంటాడు. పదమూడు గుళ్ళంటావా, మధ్యలో సబ్బు ప్రకటన వచ్చింది కదా, అప్పుడు నింపుకున్నాడనుకో.

ఇకమీదట బాగా పడతాలే. జూన్ సంగతి మాత్రం ఇప్పుడే చెప్పలేను. ఇంకో ఏడాది ఉండమంటున్నారు. ఆ గుర్రాలని ఇంకెవరిచేతనైనా మచ్చిక చేయించు.

నీ వర్జిల్


మలెన్
మార్చి 15

ప్రియమైన వర్జిల్‌కి,

నిన్న నువ్వు బ్యాంకు దొంగవి. పోయిన నెల పశువుల దొంగవి. జనవరిలో ఎవరివో గుర్తులేదు. ముగ్గురూ ఒకేలా పడ్డారు. అదే తెల్లరాయి, టోపీ అంతే దూరం దొర్లడం, గుర్రం అలాగే వెనక్కి తిరిగి చూడటం. ఆకాశంలో చిన్న మబ్బుముక్క కూడా అదే. తీసిన బొమ్మనే మళ్ళీ అతికిస్తున్నారు. అంటే నువ్వు కొత్తగా పడటం లేదు.

అప్పుడు నీ ఉత్తరాల పెట్టె దించాను. ఇదివరకు ప్రతి ఉత్తరంలో ఓ గుర్రం ఉండేది. బిస్కెట్‌కి పంటినొప్పి, జూడిత్ ఎవరినో తన్నింది, ఇలా. అక్టోబర్ నుంచి ఒక్క గుర్రం పేరూ లేదు. విమానాలూ కాఫీలూ నీడలూ. అన్నీ కుర్చీలో కూర్చున్నవాడికి కనబడేవే.

మీ షెరీఫ్ కథల్లో లొసుగులకి నవ్వుకున్నాను. నీ కథలో లొసుగు చూస్తే భయమేస్తోంది. ఏమైంది? ఇంకో మనిషి ఉంటే అదైనా చెప్పు, తట్టుకుంటాను. ఏదీ తెలియకుండా ఇంకో ఏడాది ఉండలేను.

లియోటా


మలెన్
ఏప్రిల్ 12

ప్రియమైన వర్జిల్‌కి,

నాలుగు వారాలైంది. జవాబు లేదు. నిన్న మళ్ళీ పడ్డావు. ఈసారి నేను నవ్వలేదు.

లియోటా


చాట్స్‌వర్త్
ఏప్రిల్ 20

ప్రియమైన లియోటాకి,

ఇంకో మనిషి ఎవరూ లేరు. ఒక కర్ర ఉంది.

మేము పడే చోట నేల తవ్వి, మెత్తటి మట్టి నింపుతారు. అక్టోబర్ మొదట్లో ఒక రోజు, అది ఇంకో పది అడుగుల దూరంలో ఉందనగా బిస్కెట్ కాలు నేల ఉడుత బొరియలో దిగింది. నేను గట్టినేల మీద, ఆ రాయి పక్కన పడ్డాను. కెమెరా తిరుగుతూనే ఉంది. బిస్కెట్‌కి ఏమీ కాలేదు. నాకు తుంటి ఎముక విరిగింది. అక్టోబర్, నవంబర్ ఉత్తరాలు ఆస్పత్రి మంచం మీంచి రాసినవే.

తర్వాత డైరెక్టర్ ఆ బొమ్మ చూసి, "ఇంత బాగా ఎవరూ పడలేదు" అన్నాడట. అప్పట్నుంచి ఎవరు చావాల్సొచ్చినా నన్నే వేస్తున్నారు. నోట్‌బుక్కుతో కూర్చునే మనిషిని నేనే. నువ్వూ పెద్దమ్మా నమ్మలేదే, మా కథల్లో నిజంగా జరిగింది అదొక్కటే.

కాలు రికాబు దాకా లేవదు, లియోటా. ఇక లేవదన్నారు. నాలుగు గుర్రాలు నాకోసం ఉన్నాయని నువ్వు రాసినప్పుడల్లా సిగ్గుతో చచ్చాను. గుర్రం ఎక్కలేనివాడు ఆ ఇంటికి దేనికి పనికొస్తాడు?

వర్జిల్


మలెన్
మే 3

ప్రియమైన వర్జిల్‌కి,

నేను నవ్వాను. నీ ఎముక విరుగుతుంటే పెద్దమ్మ తెచ్చిన కొలాచీ బన్నులు తింటూ నవ్వాను. ఉత్తరం వచ్చినప్పట్నుంచీ నాకు అదే గుర్తొస్తోంది, ఏడుపు ఆగడం లేదు. నిన్న సాయంత్రం మళ్ళీ వేశారు. "అదిగో, బస్తా!" అంది పెద్దమ్మ. లేచి టీవీ కట్టేశాను. విషయం చెబితే ఆవిడ కాఫీ కూడా ముట్టకుండా వెళ్ళిపోయింది. ఈ ఉదయం కొలాచీల బుట్ట తెచ్చి, "వాడికి" అని గుమ్మంలో పెట్టింది.

నా కథలోనూ ఒక లొసుగుంది. ఆ నాలుగు గుర్రాలనీ పోయిన వేసవిలోనే నేను లొంగదీశాను. రెండుసార్లు కిందపడ్డాను, ముక్కు పగిలింది, నీకు చెప్పలేదు. నీకోసం ఉంచానంటే తొందరగా వస్తావని అబద్ధం రాశాను. అదే నిన్ను రానివ్వకుండా ఆపుతుందని నాకేం తెలుసు?

నువ్వు ఎక్కనక్కర్లేదు. కంచె పక్కన కూర్చుని, నేను ఎక్కడ తప్పు చేస్తున్నానో చెప్పు. ఆ పని నీకెలాగూ అలవాటైందిగా.

నిన్ను ఇంటికి తీసుకెళ్ళడానికి పన్నెండో తేదీ మధ్యాహ్నం మీ ఊళ్ళో రైలు దిగుతాను. స్టేషన్‌కి కర్రతోనే రా. దాన్ని వెనక దాచి, ఏమీ ఎరగనట్టు స్తంభానికి ఆనుకుని నిలబడ్డావనుకో, రైల్లోంచే కనిపెట్టేస్తాను.

నీ లియోటా