బందరు రేవున పాతిన కర్ర

బందరు,
1936 నవంబరు 1

ప్రియమైన బాపుకు,

నీ కూతురు ధనమ్మ వందనాలు. నేనూ, శాంతయ్య మామ కూతురు ప్రేమమ్మా క్షేమంగా చేరాం. ఆరు వారాల పంతులమ్మ శిక్షణ రేపే మొదలు. రేవు పక్కన రుక్మిణమ్మగారింట్లో ఒక గది కిరాయికి తీసుకున్నాం. పాత కోట, డచ్చివాళ్ల సమాధులు చూశాం. ఒకప్పుడు దేశదేశాల ఓడలు ఆగిన రేవట. ఇప్పుడు బురదా, నాలుగు పడవలూ.

సముద్రం రోజుకు రెండుసార్లు పైకి వచ్చి వెనక్కి పోతుంది. నువ్వు చెరువులో చేసినట్టే, అది వచ్చిన పై అంచున కర్ర పాతాను. రుక్మిణమ్మగారి గోడ మీద నా తలకంటే ఎత్తున ఒక గీత ఉంది. ఎప్పటిదో ఉప్పెన నీళ్లు అక్కడిదాకా వచ్చాయట. అది చూసినప్పటి నుంచి ప్రేమమ్మకు అన్నం సయించడం లేదు.

నీ ధనమ్మ


చేవెళ్ల,
నవంబరు 5

బిడ్డా ధనమ్మా,

దేవుడు మిమ్ముల సల్లగ చూడాలె. నీ ఉత్తరం శాంతయ్యకు చదివి వినిపించిన. ఆయనకు చదువు రాదు గద, పోస్టు వచ్చే యాళ్లకు నా గడపలనే కూసుంటున్నడు.

గోడ మీది గీతకు భయపడుతరా? ఇరవై ఏండ్లు చెరువు తూము కాసిన నీరటిని నేను. గండిపేట నిండి ఊర్లు మునిగేటప్పుడు, కర్ర పాతి ఎవలు ఎప్పుడు ఇల్లు ఇడిసి పోవాల్నో నేనే చెప్పిన. ఒక్క పానం పోలే. నీళ్లు చెప్పకుండ రావు బిడ్డా. కర్రను చూస్తుండు.

మీ బాపు బాలప్ప


బందరు,
నవంబరు 9

ప్రియమైన బాపుకు,

కర్ర దగ్గరికి నీళ్లు రావడం మానేశాయి. రోజురోజుకూ అంచు దిగుతూ ఇవ్వాళ కర్రకు నలభై అడుగుల దూరంలోనే ఆగింది. అయినా ఇక్కడివాళ్లకు ధైర్యం లేదు. గాలి తీరు బాగాలేదని పడవలు లోపలికి లాక్కుపోతున్నారు. "అమావాస్య పోటుకి ఈ గాలి తోడైతే ఇల్లు నిలవదమ్మా. శుక్రవారం మా అన్నయ్యగారి ఊరు పోతున్నా, మీరూ రండి" అంటోంది రుక్మిణమ్మగారు.

ప్రేమమ్మకు జ్వరం. "నేను పోత వదినా" అని పెట్టెకు తాడు కట్టుకుని కూర్చుంది. శిక్షణ మధ్యలో వదిలితే ఇద్దరికీ ఉద్యోగం రాదు. ఏం చెయ్యమంటావు? వెంటనే రాయి.

నీ ధనమ్మ


చేవెళ్ల,
నవంబరు 11

బిడ్డా,

నలభై అడుగులు దిగినయంటే ఇంక ఫికర్ ఏంది? దిగే నీళ్లను చూసి ఇల్లు ఇడిసినోళ్లను నేనెక్కడ చూడలే. ఉద్యోగం పోగొట్టుకోకుండ్రి, ఆడనే ఉండుండ్రి. ప్రేమమ్మ భయపడితే ఈ ఉత్తరం చదివి వినిపియ్యి. "బాలప్ప బావ చెప్పినంక నాకేం భయం లేదు" అని శాంతయ్య గూడ అన్నడు.

మీ బాపు


బందరు,
నవంబరు 17

బాపూ,

నేను బతికే ఉన్నాను.

నీ ఉత్తరం శుక్రవారం పొద్దున అందింది. రుక్మిణమ్మగారి బండి వాకిట్లో ఉంది. ప్రేమమ్మ పెట్టె అప్పటికే ఎక్కించారు. నువ్వు చెప్పినట్టే చదివి వినిపించాను. "మామ చెప్పిండంటే చాలు వదినా" అని పెట్టె దింపించుకుంది.

శనివారం మధ్యాహ్నం నేను మా శిక్షణ బడి మేడ మీద ఉన్నాను. తను జ్వరంతో గదిలో పడుకుంది. సముద్రం కర్రను దాటింది, రేవును దాటింది. నేను మెట్లు దిగేలోపే వీధిలో నీళ్లు ఛాతీలోతు. నిన్న ప్రేమమ్మను సమాధి చేశాం. రుక్మిణమ్మగారి గోడ మీద తడి ఆ పాత గీతకు పైన ఉంది.

ఇక్కడ పోటు చంద్రుణ్ణి బట్టి ఒక వారం తగ్గి, ఒక వారం పెరుగుతుందట. చిన్నపిల్లలకు కూడా తెలుసు. నేను ఎవరినీ అడగలేదు. నిన్నే అడిగాను.

శాంతయ్య మామకు వేరే రాయలేదు. ఇప్పుడు నీ గడపలోనే కూర్చుని ఉంటాడు. ఈ ఉత్తరం ఆయనకు చదివి వినిపించు. ఒక్క మాట కూడా వదలకు.

ధనమ్మ