సౌండ్ రాదు మేడమ్

జనవరి 7, బుధవారం

సెలవు దొరికింది. కారణం అడిగితే 'కుటుంబ పని' అన్నాను. ప్రీవెడ్డింగ్ షూట్ అనడానికి నోరు రాలేదు. పక్క సీటు శ్రుతికి ఎలాగో తెలిసిపోయింది. "ప్యాలెస్‌లోనా? ఎడారిలోనా? నువ్వా?" అంది.

నేనూ అదే అడుగుతున్నాను.

ఖర్చంతా పెళ్లికొడుకు అనిల్ వాళ్ల బావగారిది, పెళ్లి కానుక. వద్దంటే బాగుండదు — మమ్మీ. ఒంటరిగా పంపరు కాబట్టి డాడీ చెల్లెలు రూతత్త నాకు తోడు. అనిల్‌కి తోడు ఫొటోగ్రాఫర్ శివ.

అనిల్‌తో మాట్లాడింది రెండు మూడుసార్లు, అదీ పెద్దల మధ్య. మంచివాడు. అందరూ అంటారు. నేనూ అంటాను.

జనవరి 8, గురువారం

ఇసుక, ఇసుక, ఇసుక... హఠాత్తుగా కోట. ఇప్పుడది హోటల్.

గుమ్మంలో తలపాగా కట్టుకున్నాయన పళ్లెంతో ఎదురొచ్చాడు, బొట్టు పెట్టడానికి. అత్త తల వెనక్కి లాగి, "మాకు అలవాటు లేదు బాబూ, ఏమనుకోకండి," అంది — తెలుగులో. ఆయనకి అర్థమైంది. వేలు పళ్లెం అంచుకే తుడుచుకున్నాడు.

మాది ఒకప్పుడు రాణులుండే వైపు. మంచం ఎక్కడానికి మెట్లపీట. బాత్రూంలో తొట్టి చూసి అత్త — "ఇందులో కడిగేది మనిషినా, గేదెనా?"

కిటికీకి రాతి జాలీ. రాణులు దీని వెనక కూర్చుని కింద జరిగేదంతా చూసేవారట. కిందివాళ్లకి వాళ్లు కనపడరు. సాయంత్రమంతా అక్కడే కూర్చున్నాను. నాకు సరిపోయే చోటు.

రేపు కిందికి దిగాలి.

జనవరి 9, శుక్రవారం

రాయాలి. ఎలా రాయాలో...

కిరాయి గౌను. వెనక తోకలాగా ఇంత గుడ్డ. అది ఎగరాలని అత్త ఒక కొస పట్టుకుని విసరడం, శివ అరవగానే ఇసుకలో పక్కకి పరిగెత్తడం. "అత్తమ్మా, ఫ్రేములకొస్తున్నవ్! జర జల్ది!" "వస్తున్నానయ్యా, నా మోకాళ్లు నీవేంటి?"

నాకు నవ్వు రాదు. కెమెరా ముందు అసలు రాదు. శివ తల పట్టుకున్నాడు. "మేడమ్, ఏదన్న మాట్లాడుకోండ్రి ఇద్దరు. ఏదైనా సరే. సౌండ్ రాదు మేడమ్, మీద పాటేస్తం."

అనిల్ నా చెయ్యి పట్టుకుని, కళ్లలోకి చూస్తూ, మెల్లగా, ఎంతో ప్రేమగా — "మియాపూర్... జేఎన్‌టీయూ... కేపీహెచ్‌బీ... కూకట్‌పల్లి..."

మెట్రో స్టేషన్లు. నవ్వాను. నిజంగానే నవ్వాను. అమీర్‌పేట వచ్చేసరికి శివ చప్పట్లు కొట్టాడు.

తర్వాతి షాట్ నా వంతు. "మీరు చెప్పుండ్రి మేడమ్, అన్న వింటడు." శివ దూరంగా ఉన్నాడు. అత్త గౌను వెనక ఎక్కడో. పెదాల మీద ఆ నవ్వు ఇంకా ఉంది. ఆ నవ్వులోంచే వచ్చేసింది.

"నాకీ పెళ్లి వద్దండీ."

అతని ముఖం మారలేదు. మారకూడదు కదా, షాట్. అలాగే నవ్వుతూ —

"నాగ్గూడ వద్దు."

"గదే! గదే ఎక్స్‌ప్రెషన్! ఇంకోసారి!" శివ.

మళ్లీ అన్నాను. మళ్లీ అన్నాడు.

జనవరి 10, శనివారం

నిన్న బ్యాటరీ మార్చేటప్పుడు మెట్ల మీద మాట్లాడుకున్నాం. ఇద్దరం నేలనే చూస్తూ.

అతనికి ఆఫీసులో ఒకమ్మాయి ఉంది. వేరే మతం. "మా అమ్మకు ఎర్కే. ఎర్కయ్యే గింత తొందర. నేను వద్దంటే తినుడు బంద్ జేస్తది. మీకు... ఎవరన్న ఉన్నరా?"

"లేరు."

"మరేంది?"

ఏంది... అతని పక్కన నిలబడితే ఎవరిదో ఫొటోలోకి పొరపాటున వచ్చినట్టుంటుంది. అది కారణమా? ఇదివరకు ఒక సంబంధం వద్దన్నాను. "ఎందుకు?" అన్నారు. ఇంట్లో అందరూ నాకు ఒంట్లో బాగోలేనట్టు చూశారు. కారణం లేని 'వద్దు' మా ఇంట్లో చెల్లదు.

"మీరే చెప్పుండ్రి. పిల్ల వద్దంటే ఆగుతది."

"కారణం ఉన్నది మీకు కదా. మీరే చెప్పండి."

ఇద్దరం చెప్పం. అది ఇద్దరికీ అప్పుడే తెలిసింది.

ఇవాళ బయల్దేరేముందు జాలీ దగ్గరికి వెళ్లాను. కింద ఇంకో జంట, ఇంకో గౌను. ఆ అమ్మాయి నవ్వుతోంది. పెదాలు కదులుతున్నాయి. ఏమంటోందో వినపడలేదు.

జనవరి 18, ఆదివారం

చర్చిలో మొదటి పెళ్లి ప్రకటన. వరసగా మూడు ఆదివారాలు చదువుతారు. పాస్టరయ్యగారు మా ఇద్దరి పేర్లూ చదివి, ఈ పెళ్లికి ఎవరికైనా అభ్యంతరం ఉంటే లేచి చెప్పమన్నారు. అడిగి ఆగుతారు. ఆ ఆగడం ఎంత పొడవో ఇన్నాళ్లూ గమనించలేదు.

జీడిమెట్లలో అతని చర్చిలో కూడా ఇదే వేళకి చదువుతారు.

జనవరి 22, గురువారం

కార్డులు సగం పంచేశారు. ఫిబ్రవరి 12. శ్రమదినాలు మొదలయ్యేలోపు అయిపోవాలట; ఈస్టర్ ముందు ఆ నలభై రోజులూ పెళ్లిళ్లు చేయరు.

జనవరి 25, ఆదివారం

రెండో ప్రకటన. ఆగారు. ఎవరో దగ్గారు. అందరూ అటు చూశారు. ఉత్త దగ్గే.

జనవరి 29, గురువారం

అతను హైటెక్ సిటీ స్టేషన్ కింద కలిశాడు. టీ చల్లారిపోయింది. "మూడోసారి చదివినప్పుడు లేద్దాం. నేను మా చర్చిల, మీరు మీ చర్చిల. ఒక్కటే టైమ్. తప్పు ఒకలి మీదనే పడది."

"మీరు లేస్తారా?"

"మీరు లేస్తరా?"

సరేనన్నాం. వెళ్తూ చెయ్యి ఊపాడు. మొదటిసారి దగ్గరివాడిలా అనిపించాడు. ఏం న్యాయం ఇది.

ఫిబ్రవరి 1, ఆదివారం

మూడో ప్రకటన.

పేర్లు చదివారు. అడిగారు. ఆగారు. ఒళ్లో పాటల పుస్తకం ఉంది. దాన్ని పక్కన పెట్టి లేవాలి. పెట్టాను. పెట్టాను కూడా. జారిపోయిందనుకుని మమ్మీ దాన్ని తీసి, తర్వాతి పాట పేజీ తెరిచి, మళ్లీ నా ఒళ్లో పెట్టింది. భుజం తట్టింది.

అంతే. పాట మొదలైంది.

బయటికొచ్చి ఫోన్ చూస్తే అనిల్ మెసేజ్. "అక్కడ ఏమైంది?"

అతను లేచి ఉంటే అలా అడగడు. లేచి ఉంటే ఈపాటికి మమ్మీ ఫోన్ మోగేది. "మీ దగ్గర?" అని పంపాను. చూశాడు. టైపింగ్... ఆగింది. టైపింగ్... ఆగింది.

మధ్యాహ్నం శివ వీడియో పంపాడు. మమ్మీ టీవీలో పెట్టింది. కోట, ఇసుక, ఎగిరే గౌను, పాట. రూతత్త, "ఆ గౌను ఎగరేసింది నేనే వదినా," అంటోంది. ఉన్నట్టుండి మమ్మీ ఆపేసింది. ఆ షాట్ దగ్గరే. నా ముఖం గోడంత. నోరు సగం తెరిచి.

"ఎంత సంతోషంగా ఉందో చూడు నా బిడ్డ! ఇక్కడ ఏం చెప్తున్నావే అబ్బాయితో?"

"అవన్నీ అడక్కూడదు వదినా," అత్త నవ్వు.

"నేను తల్లిని. నాకు చెప్తుంది. చెప్పవే."

మంచినీళ్లు తాగి వస్తానని గదిలోకి వచ్చాను. రాస్తున్నాను. హాల్లో ఆపిన పాట ఇంకా మొదలవలేదు.